వెరెకో ముట్టని గ్లాసు

టెచిమాన్ సంతలో ఊరికే వచ్చినదాన్ని ముట్టని మనిషి, పొగచేపలు అమ్మే బిరాగో ఒక్కతే. పక్కన పామాయిల్ అమ్ముకునే నేను ఇంత మొక్కజొన్న కెంకే ముద్ద పెడితే, వెంటనే ఒక పొగచేప నా ఒళ్లో పడేసేది. తన గంప నెత్తికెత్తినవాళ్లని కూడా ఉత్త చేతులతో పంపేది కాదు. పొగరు అనేవాళ్లు. నాకు మాత్రం అనుమానం. ఇంత జాగ్రత్తగా బతికే మనిషి ఏదో దాస్తూనే ఉంటుందనుకునేదాన్ని.

దాచిందేమీ లేదు. దాని అక్క మాన్సాకి మొగుడు కుట్టుమిషన్లు కొని కొట్టు పెట్టించాడు. తర్వాత ఇంకో పెళ్లాన్ని తెచ్చుకున్నాడు. మాన్సా ఇదేమిటని నోరెత్తిన రోజునే మిషన్లన్నీ లారీకెక్కించుకుపోయాడు. పంచాయితీలో పెద్దలు అడిగింది ఒకటే, అసెడా అయిందా అని. మాలో ఎవరైనా ఏదైనా ఇస్తే, పుచ్చుకున్నవాళ్లు మందు సీసా పట్టుకెళ్లి సాక్షుల ముందు కృతజ్ఞత చెప్పుకోవాలి. ఇచ్చినవాడు ఆ మందు తాగితే ఇక ఆ వస్తువు మీద వాడికి హక్కు లేదు. తాగకపోతే ఇచ్చినట్టే కాదు. మాన్సా, మొగుడే కదా అని సీసా పట్టుకెళ్లలేదు.

అలాంటి బిరాగోకి దాని మొగుడు వెరెకో సంత మొదట్లో కొట్టు కట్టించాడు. సిమెంటు గోడలు, ఇనప షట్టరు, లోపల ఫ్యాను. వెరెకోకి లారీలున్నాయి గానీ ఎంగిలి చేత్తో కాకిని తోలే రకం కాదు. అలాంటివాడు ఉన్నట్టుండి కొట్టు కట్టించాడంటే ఏ పుట్టలో ఏ పాముందోనని నాకనిపించింది. సంతలో మిగతావాళ్లు మాత్రం అసూయతో కుళ్లిపోయారు.

బిరాగో ఆ వారమే సీసా కొని మొగుడి ముందు పెట్టింది. మొగుడూ పెళ్లాల మధ్య ఈ మర్యాదలేమిటి, నీది కాక ఇంకెవరిదని నవ్వేశాడట. మళ్లీ పెడితే కడుపులో బాగాలేదన్నాడు. ఇంకోసారి, మా మేనమామ లేకుండా ఎలా, ఊళ్లో లేడు కదా అన్నాడు. ఆ మేనమామ మర్నాడే నా దగ్గర నూనె కొనుక్కెళ్లాడు.

ఈలోగా బిరాగో మారిపోయింది. ఎండలో బల్ల వేసుకుని అమ్మిన రోజుల్లో, వెంచి ఊళ్లో ఉన్న తల్లిని చూడాలనిపిస్తే బల్ల మీద గుడ్డ కప్పి వెళ్లిపోయేది. ఇప్పుడు తల్లికి జ్వరమని కబురొచ్చినా, కొట్టెవరు చూస్తారని వెరెకో అంటే ఆగిపోయింది. ఎవరితో మాట్లాడావు, షట్టరు ఎందుకు ఆలస్యంగా తీశావు, అన్నిటికీ జవాబు చెప్పుకునేది. ఒకప్పుడు దాని నోటికి సంతంతా జడిసేది.

"ఏమైందే నీ నోటికి?" అని అడిగాను.

"కోపం రాకముందే కొట్టు గుర్తొస్తోంది అక్కా" అంది.

ఆ మాట నాలో దాచుకోలేకపోయాను. మిగతావాళ్లకి చెబితే, తిన్నింటి వాసాలు లెక్కపెడుతోందని దాన్నే తిట్టారు.

చివరికి ఒక ఆదివారం పొద్దున్నే సాకులకి చోటు లేకుండా చేసింది. వెరెకో మేనమామ అడుసెయ్‌ని, వాళ్ల కుటుంబంలో ఇంకో ఇద్దరు పెద్దల్ని ఇంటికి పిలిచింది. తన తరఫు సాక్షిగా నన్ను కూర్చోబెట్టింది. పెద్దలు మర్యాద కోసం వచ్చారో సీసా కోసం వచ్చారో చెప్పలేను. బిరాగో గ్లాసులో మందు పోసి, రెండు చేతులతో మొగుడి ముందు పట్టుకుని నిలబడింది. వెరెకో అందుకోలేదు.

"తాగవోయ్" అన్నాడు అడుసెయ్. "నీ కొట్టుకే కదా ఈ పిల్ల కృతజ్ఞత చెబుతోంది."

"తాగడానికేముంది మామా" అన్నాడు వెరెకో, నేలకేసి చూస్తూ. "తాగాక ఇది రేపు నన్నొదిలేసి పోతే?"

వాడు చెడ్డవాడు కాదు, ఆ మాట అన్నప్పుడు వాడి గొంతులో నిజంగానే భయం ఉంది. కానీ ఆ భయానికి తాళం వేసుకోడానికే కొట్టు కట్టాడని అందరికీ అర్థమైపోయింది.

"కొట్టు లేనన్నాళ్లూ పోలేదుగా" అంది బిరాగో.

గ్లాసు కింద పెట్టి, నడుముకున్న తాళంచెవి తీసి దాని పక్కన పెట్టింది. కొట్టంటే దానికి ఎంత ఇష్టమో నాకు తెలుసు, ఆ ఫ్యాను కింద చేపలకి ఈగ వాలేది కాదు. నాకే ఏడుపొచ్చింది, అది మాత్రం ఏడవలేదు. అటునుంచి అటే తల్లి దగ్గరికి వెంచి బస్సెక్కింది. ఎప్పుడొస్తావని అడిగే ధైర్యం వెరెకోకి లేకపోయింది.

తిరిగొచ్చి, మూసి ఉన్న కొట్టుకి ఎదురుగానే ఎండలో బల్ల వేసింది. కాపురం మానలేదు, అదే ఇంట్లో ఉంటోంది. పిచ్చిదని సంతంతా నవ్వింది. ఆ నవ్వేవాళ్లలో ఎంతమంది కొట్లకి అసెడా అయిందో నేను అడగలేదు. అడిగితే సగంమంది నాతో మాట్లాడటం మానేస్తారు.

ఒక సాయంత్రం వెరెకో ఆ బల్ల దగ్గరికొచ్చాడు. పెద్ద చేపలు రెండు ఏరి, సంచిలో వెయ్యమన్నాడు. బిరాగో ధర చెప్పింది. వాడు నవ్వాడు. అది నవ్వలేదు, చెయ్యి చాపే ఉంచింది. వాడు చుట్టూ చూసి, జేబులోంచి సెడీ నోట్లు తీసి ఇచ్చాడు.

బిరాగో ఆ నోట్లు కొంగున ముడేసుకుంది.

"ఇవి నావి" అంది. "వీటికి నువ్వేమీ తాగక్కర్లేదు."