మూడో పేజీలోని మనిషి

మా గుట్ట మీద జురాసి వెళ్ళని ఇల్లు లేదు. గేటు బయట నిలబడి రెండు చప్పట్లు కొడుతుంది, "ఇంట్లో ఎవరండీ?" అంటుంది, జవాబు వచ్చేలోపే లోపలుంటుంది. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆమె మా ఆరోగ్య కార్యకర్త. నూట అరవై రెండు ఇళ్ళు ఆమె చేతి కింద. ఎవరి బీపీ ఎంత, ఎవరి బిడ్డకు ఏ టీకా తప్పింది, ఎవరి మొగుడు మాత్రలు మానేసి మందు కొడుతున్నాడు, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో పొరపాటున కూడా అనదు.

ఆ ఉద్యోగానికి ఒక షరతు ఉంది. ఏ వీధికి పనిచేస్తే ఆ వీధిలోనే కాపురం ఉండాలి. జురాసి ఇల్లు నా సెలూన్‌కు పదహారు మెట్లు పైన. పొద్దున్నే నా దగ్గర కాఫీ తాగి, చక్కెర ఎక్కువైందని నన్నే తిట్టి పనికి పోతుంది. నా పేరు జుల్‌మీర. నోరు అదుపులో పెట్టుకోవే అని మా ఆయన పోయేదాకా చెబుతూనే ఉన్నాడు పాపం.

నలభై ఆరేళ్ళ వయసులో జురాసి పీహెచ్‌డీకి దరఖాస్తు పెడతానంది. సాయంత్రం కాలేజీలో డిగ్రీ, ఆ తర్వాత ఎం.ఏ. అప్పటికే అయిపోయాయి. ఇది రెసీఫె నగరంలోని విశ్వవిద్యాలయంలో, ప్రజారోగ్యం, సంక్షేమ విధానాల మీద.

"ఈ వయసులో డాక్టరువా! నాకు మోకాళ్ళకి సూది వేస్తావా?" అంది దోనా ఒటీలియ, డ్రయ్యర్ కింద తల పెట్టి. దోనా అంటే మా దగ్గర ఆడవాళ్ళని 'గారు' అన్నట్టు. ఆవిడకి ఎనభై నిండాయి, చెవులు మాత్రం పదహారేళ్ళ పిల్లవి.

"ఆ డాక్టరు కాదు మామ్మా, చదువుకునే డాక్టరు. ఎందుకు జబ్బు పడుతున్నారో రాసేదాన్ని, సూదులు వేసేదాన్ని కాదు."

"అయితే దేనికే ఆ చదువు?"

ముప్ఫై మంది దరఖాస్తుదారులు. స్కాలర్‌షిప్ ఉన్న సీటు ఒక్కటే. ఆ స్కాలర్‌షిప్ వస్తే జురాసి నాలుగేళ్ళు ఉద్యోగానికి సెలవు పెట్టి చదవగలదు. రాకపోతే అంతే సంగతులు, వయసు ఆగదు కదా.

"సీటు ఒక్కటేనటే," అన్నాను నేను భయపడుతూ.

"ఒక్కటి చాలు. రెండు సీట్లు నేనేం చేసుకుంటాను?" అంది ఆమె.

ఆమెది ఒక పద్ధతి. ఏం రాసినా ముందు నా సెలూన్‌లో చదివి వినిపించాలి. వీధిలో వాళ్ళకి అర్థం కాని మాట వీధి గురించిన కాగితంలో ఉండకూడదంటుంది. ఒక శనివారం, నలుగురు ఆడవాళ్ళ తలల మీద నేను రంగు పూసి కూర్చోబెట్టాక, మధ్యలో స్టూలు వేసుకుని ప్రాజెక్టు చదవడం మొదలుపెట్టింది.

"ఆరోగ్యపు సామాజిక నిర్ణాయకాలు..."

"అదేంటి, కొత్త షాంపూనా?" అంది దోనా ఒటీలియ. జురాసి పెన్సిలు తీసి ఆ మాట కొట్టేసింది.

ప్రశ్న మాత్రం అందరికీ అర్థమైంది. కార్యకర్త పక్కింటి మనిషైతే జనం ఆమెను నమ్ముతారని ప్రభుత్వం అనుకుంటుంది. నిజమేనా, లేక పక్కింటి మనిషనే ఆమె దగ్గర రోగం దాస్తారా? రెండు పేజీలు బాగా నడిచాయి. మూడో పేజీలో ఒక ఆడమనిషి వచ్చింది. కుట్టుపని చేసుకుంటుందట. రొమ్ములో గడ్డ. సొంత వీధి ఆరోగ్య కేంద్రం కాదని, మంగళవారం మంగళవారం రెండు బస్సులు మారి ఊరవతల కేంద్రానికి పోయేదట, వాన లేకపోయినా గొడుగు అడ్డం పెట్టుకుని.

నా చేతిలో దువ్వెన కిందపడింది.

కుట్టుపని అబద్ధం. మిగతాదంతా నేనే. జురాసి నన్ను ఎప్పుడో బస్‌స్టాపులో, చేతిలో రొమ్ము పరీక్ష కాగితంతో చూసిందన్నమాట. రెండేళ్ళుగా ఆమెకు తెలుసు, రెండేళ్ళుగా ఒక్క మాట అడగలేదు. ఆమె ఎవరికైనా చెబుతుందని నేను దాచలేదు. పొద్దున్నే కాఫీ ఇస్తున్నప్పుడు ఆమె కళ్ళలో నా గడ్డ కనబడకూడదని దాచాను. అది ఎవరికి చెప్పినా అర్థం కాదు.

"కుట్టుపనా? మన వీధిలో కుట్టేది లిందాల్వే!" అంది ఒకామె.

"లిందాల్వ మంగళవారాలు ఇంట్లో ఉండదు కూడాను," అంది ఇంకొకామె.

అందరూ నా వైపు చూశారు, వీధి వార్తలు నా దగ్గరే తేలతాయి కాబట్టి. నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. "అయ్యుండొచ్చు, మనిషి కూడా చిక్కింది," అన్నాను.

జురాసి నా మొహం చూడలేదు. "అలాంటి మనిషి ఎవరూ లేరు, నేనే కల్పించి రాశాను," అని, అందరి ముందూ ఆ పేజీలో సగం మీద అడ్డంగా గీత కొట్టింది. ఏం లాభం? పొద్దుగూకేలోపు ఇద్దరు లిందాల్వ ఇంటికి పరామర్శకి సూపు గిన్నెలు పట్టుకెళ్ళారు. నిక్షేపంలా ఉన్న మనిషి బిత్తరపోయింది.

మర్నాడు జురాసి కాఫీకి వచ్చింది. చక్కెర ఎక్కువైందని తిట్టింది, అంతే. ఆ కొట్టేసిన సగం పేజీ వదిలేసే దరఖాస్తు పంపింది.

ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది, వీడియోలో. పైన ఆమె ఇంట్లో సిగ్నల్ నిలవదు కాబట్టి నా సెలూన్‌లోనే కూర్చుంది. గదిలో అభ్యర్థి తప్ప ఎవరూ ఉండకూడదని నియమం. నన్ను పక్కింటికి పొమ్మంది. పోయినట్టే పోయి, వెనక తలుపులోంచి వంటగదిలోకి దూరి తెర వెనక నక్కాను.

వీడియోలో ముగ్గురు ప్రొఫెసర్లు కనబడగానే జురాసి ఏం చేసిందనుకున్నారు? రెండు చప్పట్లు కొట్టి "ఇంట్లో ఎవరండీ?" అంది. ఇరవై ఒక్క ఏళ్ళ అలవాటు మరి. వాళ్ళు ముగ్గురూ పకపకా నవ్వారు. నేను తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను.

నవ్వు ఎంతోసేపు లేదు. ఒక మగగొంతు అడిగింది: "జనం మీ దగ్గర దాస్తారంటున్నారు. ఆధారం ఏది? మూడో పేజీ సగంలో ఆగిపోయింది."

"ఉండేదండీ. కొట్టేశాను."

"ఎందుకని?"

"చదివి వినిపిస్తే మా వీధివాళ్ళు ఆ మనిషెవరా అని వెతకడం మొదలుపెట్టారు. ఆమెను అడక్కుండా రాయడం నాది తప్పు. కొత్తగా చేరిన పిల్ల కూడా అలా చెయ్యదు."

"పేరు లేకుండా మాకు చెప్పండి. ఈ మాట బయటికి పోదు."

"చెప్పనండి. ఆమె నాకే చెప్పలేదు. నాకు చెప్పనిది మీకెలా చెబుతాను?"

"మరి మార్కులు వెయ్యడం కష్టమవుతుంది."

తెర తీసి "ఆ మనిషిని నేనే" అని అరవాలనిపించింది. అరిస్తే గదిలో ఇంకొకరున్నారని ఆమెను తీసేస్తారు. జీవితంలో నేను నోరు మూసుకోవలసిన ఒకే ఒక్క నిమిషం అది. మూసుకున్నాను.

జురాసి కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఆమె నాకు రోజూ కనబడుతుందండీ. ఆమె చెప్పలేకపోయింది. నేను అడగలేకపోయాను. మా ఇద్దరి మధ్యా అడ్డమున్నదేంటో కనుక్కోడానికే నాకు నాలుగేళ్ళు కావాలి. వాళ్ళంతట వాళ్ళు చెప్పేదాకా కూర్చోవడం నాకు వచ్చు. ముప్ఫై మందిలో బాగా చదువుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ ఇళ్ళలోకి రానిచ్చేది మాత్రం నన్నే."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. తర్వాత ఒక ఆడగొంతు "థాంక్స్, దోనా జురాసి" అంది. అంతే.

పదకొండు రోజులకు జాబితా వచ్చింది. మొదటి పేరు జురాసిదే, స్కాలర్‌షిప్‌తో సహా. గుట్టంతా నా సెలూన్‌లోనే ఉంది. దోనా ఒటీలియ మోకాళ్ళ సంగతి మరిచి గంతులేసింది. లిందాల్వ కేకు తెచ్చింది. ఆ శనివారం నేనేమన్నానో ఆమెకు చెప్పి చీవాట్లు తిన్నాను, అది వేరే సంగతి.

అందరూ వెళ్ళాక జురాసి కుర్చీలో కూలబడి చెప్పులు విప్పింది. నేను ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"వంటగదిలోంచి అంతా విన్నాను," అన్నాను. "అది కాన్సర్ కాదే. కొవ్వు గడ్డ. నిరుడే చెప్పారు."

గుట్ట మీద ఎన్ని చావులు చూసినా కన్నీరు పెట్టని మనిషి. రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చింది.

"నిరుడా? నిరుడు నించీ తెలుసా నీకు? ఏడాది పొడుగునా నీ మెడ ఎముకలు తేలుతున్నాయా, నీ జుట్టు రాలుతోందా అని చూసుకుంటూ చచ్చానే నేను!"

ఆమె సంచీలోంచి పెన్సిలూ నోట్‌బుక్కూ తీసి చేతికిచ్చాను. "ఇంద, రాసుకో. నీ మొదటి మనిషిని నేనే."

ఆమె వాటిని పక్కన పెట్టేసింది.

"రాయడానికి నాలుగేళ్ళున్నాయి," అంది. "ఇవాళ ఊరికే చెప్పు."