పడవ పాట మొదలయ్యేలోపు

ఎండ నెత్తి మాడ్చే రోజుల్లో ఆ షెడ్డులో ఉన్ని కోట్ల మూటలు విప్పేవాళ్ళు. పాత బట్టల వ్యాపారం అంతే. చలికాలంలో అమ్మాల్సిన సరుకు ఎండాకాలంలోనే దిగాలి, ఏరాలి, మళ్ళీ మూట కట్టి పంపాలి. బయట రోడ్డు మీద తారు కరుగుతుంటే లోపల ఆడవాళ్ళు నడుం లోతు ఉన్నిలో కూర్చుని, ఎవరో ఎక్కడో తొడిగి వదిలేసిన స్వెట్టర్ల మెడలు తడిమి చూసేవాళ్ళు. చిరుగు లేనిది కుడివైపు. చిరుగున్నది ఎడమవైపు. ఎటూ చెందనిది వెనక గోడ దగ్గరికి.

అలా గంటల తరబడి ఉన్నిలో కూర్చోవాలంటే మనిషికి ఏదో ఒక మత్తు కావాలి. ఆ షెడ్డులో ఆ మత్తు కోటు పిన్ని పాటలు.

కోటు పిన్నికి అసలు పేరొకటి ఉంది. జీతాల రోజున మేస్త్రి ఆ పేరుతో పిలిచేవాడు. మిగతా రోజుల్లో దాని అవసరం ఎవరికీ పడలేదు. ఆమె దగ్గర అరచెయ్యంత పాటల పెట్టె ఉండేది. గేటు పక్కన గోడకి ఉన్న ప్లగ్గులో దాన్ని తగిలించి, దాని పక్కనే తన గుట్ట వేసుకుని కూర్చునేది. ఉన్ని ఏరేటప్పుడు మంచు పాటలు పెట్టేది. వేణువు సాగదీసినట్టుండేవి, కిటికీ వెనక ఎవరో ఎవరి కోసమో చూస్తున్నట్టుండేవి. అవి వింటుంటే చెమట కాస్త చల్లగా తగిలేదని అందరూ ఒప్పుకునేవాళ్ళు. తీరా చలికాలం వచ్చి వేళ్ళు కొంకర్లు పోయే పొద్దుల్లో పలచటి నూలు చొక్కాలు దిగేవి. అప్పుడు చేతులకి పరుగు కావాలి కాబట్టి దరువున్న ఎండాకాలం పాటలు. రెయిన్‌కోట్లు వానకి ముందే వచ్చేవి గనక వాన పాటలూ వానకి ముందే. నిజంగా వాన రేకుల మీద దంచే నాటికి అవి విని విని చప్పబడిపోయేవి. ఎవరైనా నోరు జారి కూనిరాగం తీస్తే, "ఆపవే తల్లీ, పోయిన కాలం పాట" అని కసిరేవాళ్ళు.

ఆ పెట్టెలోకి పాటలు ఎక్కించే సెల్‌ఫోన్ షాపు కుర్రాడికి ఇదంతా వింతగా ఉండేది.

"పిన్నీ, బయట మంటలు మండుతుంటే మంచు పాటలేంటి నీకు?"

"మా బతుకు అడ్వాన్సులో నడుస్తుందిరా నాయనా. నువ్వు ఎక్కించు."

ఒక్కో కాలానికి ఏ పాటలు పెట్టాలో ఆమె తేలిగ్గా తేల్చేది కాదు. అంట్లు తోముతూ వినేది, బస్సులో వినేది. పాట బాగున్నా చేతులకి అడ్డం పడితే తీసిపారేసేది. నవ్వించే పాటలు అసలు పెట్టేది కాదు. నవ్వితే ఏరడం తప్పుతుంది. తప్పు ఏరితే మేస్త్రి నోరు లేస్తుంది.

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉండేది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. ఒక కాలం సరుకు పూర్తిగా ఏరేసిన రోజు చివర్లో ఒక పాట పెట్టాలి. ఏ కాలమైనా అదే పాట. "పొద్దు వాలింది, పడవ కట్టేయ్ మామా" అని ఒక ముసలి గొంతు మొదలుపెడుతుంది. ఆ గొంతు వినపడగానే అందరూ లేచి వెనక గోడ దగ్గరికి పరిగెత్తొచ్చు. ఎటూ చెందని గుట్టలోంచి ఎవరి చేతికి చిక్కింది వాళ్ళది. మనిషికి ఒక్కటే.

పాట పెట్టేది కోటు పిన్ని. ప్లగ్గు ఉన్నది గేటు పక్కన. గుట్ట ఉన్నది వెనక గోడకి. ఆమె మీట నొక్కి, మోకాళ్ళ మీద చేతులానించి లేచి, షెడ్డు దాటి అక్కడికి చేరేసరికి ఏదో ఒకటి మాత్రం మిగిలేది.

ఆ ఏదో ఒకటితోనే ఆమెకి ఆ పేరు వచ్చింది. ఒకసారి బ్యాండు మేళం వాడి ఎర్ర జాకెట్టు మిగిలింది. భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, గుండీలు సగమే. ఇంకోసారి ఒక చెయ్యి చిలకాకుపచ్చ, ఇంకో చెయ్యి లేనే లేని పొడుగు కోటు. ఒకసారైతే ఒళ్ళంతా దేశపటాలు అచ్చేసిన చేతుల్లేని జాకెట్టు. పారేయడానికి మనసొప్పేది కాదు. ఇంటికి తీసుకెళ్ళి లేని చేతికి ఇంకోదాని చెయ్యి కుట్టేది, కుచ్చులు కత్తిరించి జేబులకి అంచు వేసేది. వేసుకునేది. పలచటివైతే ఎండాకాలంలోనూ వదిలేది కాదు. వేసుకోక ఏం చేస్తుంది? చలి ఎవరినీ రంగు అడగదు కదా.

మొదట్లో వీధిలో నవ్వారు. తర్వాత్తర్వాత కాలేజీ పిల్లలు బస్టాపులో ఆపి, "ఆంటీ, ఇది ఎక్కడ కొన్నారు? సూపర్‌గా ఉంది" అని ఫోటోలు తీసుకోవడం మొదలెట్టారు. "షాపుల్లో దొరకదమ్మా" అనేది ఆమె, మెడ కాస్త ఎత్తి. తనని చూసి నవ్వుతున్నారో, మెచ్చుకుంటున్నారో తేల్చుకోవడానికి ఆమెకి ఓపిక ఉండేది కాదు. మెచ్చుకుంటున్నారనే అనుకునేది. ఆ మాత్రం అనుకోకపోతే పొద్దున్నే ఆ ఎర్ర జాకెట్టు తొడుక్కుని గడప దాటడం కష్టం.

ఆమె కూతురికి ఆసుపత్రిలో చీటీలు రాసే కౌంటర్లో ఉద్యోగం వచ్చాక ఆ ధీమా కూడా పోయింది. కూతురు తెల్లారకముందే వెళ్ళిపోయేది. కోటు పిన్ని మధ్యాహ్నం షెడ్డు నుంచి నడిచి వెళ్ళి అన్నం డబ్బా ఇచ్చేది. అద్దం కింద చెయ్యి పట్టేంత సందు ఉండేది. అందులోంచి డబ్బా తోసేది, నిన్నటి ఖాళీ డబ్బా తీసుకునేది. ఒకరోజు ఇంటికొచ్చాక కూతురు చెప్పులు విప్పుతూ, మొహం అటు పెట్టి అంది:

"అమ్మా, ఒక్కసారి మామూలుగా రావచ్చుగా."

"ఎలా వచ్చానేం?"

"ఏం లేదులే. అన్నం పెట్టు."

కోటు పిన్ని తను తొడుక్కున్న ఎర్ర జాకెట్టు వంక ఒకసారి చూసుకుని, అన్నం వడ్డించింది.

ఆ ఏడు ఉన్ని దిగినప్పుడు ఒక బూడిదరంగు కోటు ఆమె చేతికే వచ్చింది. నిటారు భుజాలు, ఉన్న గుండీలన్నీ ఒకేలాంటివి, రెండు చేతులూ ఒకే పొడవు. విప్పి చూస్తే మెడ లోపల ఎవరిదో పేరు దారంతో కుట్టి ఉంది. పేరు కుట్టిన బట్ట అమ్మకానికి పోదు. నియమం ప్రకారం వెనక గోడకి విసిరేయాలి. ఆమె విసిరింది. విసిరాక చాలాసేపు చేతులు ఖాళీగా ఉండిపోయాయి. జన్మలో మొదటిసారి ఒక బట్ట కావాలనిపించింది. అదీ ఎవరి కంటా పడని బట్ట. అది వేసుకుంటే ఆసుపత్రి వరండాలో తను పదిమందిలో ఒకతి అవుతుంది, అంతే. అంతకన్నా ఏం అక్కర్లేదు.

ఆ వారమే మేస్త్రి వచ్చి గుట్టల మధ్య నిలబడి చెప్పాడు, "వినండమ్మా. ఓనరు గారి అబ్బాయి చెప్పమన్నారు. ఈ కాలంతో వెనక గుట్ట పంచుకోవడం బంద్. ఇకనుంచి అది చింపే మిషన్‌కి పోతుంది. పాటలకి కూడా పైన స్పీకర్లు పెడుతున్నారు."

"ఏం పాటలు పెడతారట?" అంది చురకత్తి. ఆమె నోటికి ఆ పేరు తగినదే. గోడ పక్కనే కూర్చునేది, ఎప్పుడూ మొదటి బట్ట ఆమెదే.

"ఏవో పెడతారు. ఏడాదంతా అవే."

కోటు పిన్ని కళ్ళు వెనక గుట్టలోని బూడిదరంగు కోటు మీదికి పోయాయి. ఇంకొక్కసారే. ఆ ఒక్కసారి తను చివర ఉండకూడదు. పని మానేసి గోడ దగ్గర కూర్చుంటే అందరికీ తెలిసిపోతుంది. పెట్టె వేరేవాళ్ళకి ఇస్తే ఎందుకని అడుగుతారు. 'నాకు ఆ కోటు కావాలి' అని చెప్పొచ్చు. కానీ ఇన్నేళ్ళుగా ఏదీ అడగని మనిషికి అడగడం ఎలాగో తెలీదు. చివరికి సెల్‌ఫోన్ షాపుకి వెళ్ళింది.

"ఆ పడవ పాటకి ముందు కాస్త ఖాళీ పెట్టగలవా?"

"ఖాళీయా? ఎంత?"

"షెడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచేంత. మోకాళ్ళ నొప్పులున్న మనిషి నడిచేంత."

కుర్రాడు నవ్వాడు గానీ పెట్టిచ్చాడు.

ఆఖరి రోజు సాయంత్రం ఉన్ని గుట్టలు తరిగి నేల కనపడింది. మంచు పాట అయిపోవచ్చింది. కోటు పిన్ని మీట నొక్కి, మంచినీళ్ళకి వెళ్తున్నట్టు లేచి, గోడ వైపు నడిచింది. పెట్టెలోంచి ఏ చప్పుడూ రావడం లేదు. సరిగ్గా అనుకున్నట్టే.

ఆమె ఒక్క సంగతి మరిచిపోయింది. ఆ షెడ్డులో పని నడిచేది చేతులతో కాదు, చెవులతో. ఏళ్ళ తరబడి పాట మీద ఏరిన చేతులవి. పాట ఆగగానే అన్ని చేతులూ ఆగిపోయాయి. అన్ని తలలూ ఒక్కసారిగా లేచి పెట్టె వైపు తిరిగాయి. పెట్టె దగ్గర మనిషి లేదు. తలలు ఇటు తిరిగాయి. ఆమె షెడ్డు నడిమధ్యలో నిలబడి ఉంది, కళ్ళు బూడిదరంగు కోటు మీద.

తల తీసేసినట్టయింది ఆమెకి.

"ఓహో! పాటల మాస్టారు పాట ఆపి పరుగు పెడుతోందర్రా!" అంది చురకత్తి.

ఎవరో కిసుక్కున నవ్వారు. కోటు పిన్ని వెనక్కి తిరగబోయింది.

"ఆగవే, ఎక్కడికి? ఏది కావాలి నీకు?"

"ఏం లేదు."

"చెప్పవే. ఇవాళ్టితో సరి, మళ్ళీ చెప్పడానికి ఉండదు."

"ఆ బూడిదరంగుది."

చురకత్తి దాన్ని లాగి, దులిపి, అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదా? ఇంత చప్పటిదా? పిచ్చిదానా, నీకని ఊదారంగు ఈకల కోటు అడుగున దాచి ఉంచానే!"

"నాకనా?"

"మరి? ప్రతిసారీ నీకు మిగిలేవన్నీ ఊరికే మిగిలాయనుకున్నావా? 'పిన్నికి ఇలాంటివంటే ప్రాణం, ముట్టుకోకండి' అని మేం పక్కన పెడుతూనే ఉన్నాం. ఆ బ్యాండు జాకెట్టు కోసం ఈ పొడుగుదానితో కొట్టుకున్నంత పని చేశాను నేను."

పొడుగుది అవునన్నట్టు తలూపింది.

కోటు పిన్ని ఒకసారి అందరి మొహాలూ చూసింది. కోపం తెచ్చుకోవడానికి చోటు లేదు, ఏడవడానికి కారణం లేదు. తను చచ్చీ చెడీ మోసినవన్నీ వీళ్ళు ప్రేమగా ఎంచి పెట్టినవట. అప్పుడు మొదలైంది పెట్టెలో ముసలి గొంతు. పొద్దు వాలింది, పడవ కట్టేయ్ మామా. ఎవరూ పరిగెత్తలేదు. చురకత్తి కోటు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "తీసుకో. నీకసలు నప్పదు" అంది.

కోటు వచ్చింది గానీ చలి రాలేదు. ఉక్కపోతలో అది ట్రంకుపెట్టె అడుగున పడి ఉంది. కూతురికి చూపించలేదు. ఒకరోజు కూర్చుని మెడ లోపలి పేరు దారం దారం చొప్పున విప్పేసింది. ఎండ పోయింది, వాన వచ్చి పోయింది. షెడ్డులో స్పీకర్లు ఒకే పాటల్ని తిప్పి తిప్పి వినిపిస్తూ ఉన్నాయి. వాటికి కాలం లేదు, వినేవాళ్ళకి చెవులు లేవు. ఆమె పెట్టె ఇంట్లో అలమరలో పడి ఉంది.

మొదటి చలి కొట్టిన రోజు కోటు తొడుక్కుంది. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. వరండాలో ఎవరూ తలతిప్పి చూడలేదు. వరసలో నిలబడి, తన వంతు వచ్చాక అద్దం కింది సందులో చెయ్యి పెట్టింది.

లోపల కూతురు తల ఎత్తలేదు. బూడిదరంగు చెయ్యి చూసి, "పేరు చెప్పండి మేడమ్" అంది.

"డబ్బా" అంది కోటు పిన్ని.

కూతురు తలెత్తింది. "అమ్మా! నువ్వా?" లేచి నిలబడింది. మొహంలో ఏదో ముడి విడినట్టయింది. "ఎంత బాగున్నావే! ఎక్కడిది? నాకు చెప్పనే లేదు." పక్క కుర్చీలో అమ్మాయిని భుజం తట్టింది. "ఇదిగో, మా అమ్మ."

పక్కమ్మాయి ముందుకి వంగి మర్యాదగా నవ్వింది. "నమస్తే అండీ. మీరు రావడం ఇదే మొదటిసారి కదా? రోజూ మీ ఎదురింటావిడ తెస్తుంటుంది, ఆ రంగురంగుల జాకెట్లావిడ. పాపం, ఇవాళ రాలేదా?"

కూతురు మొహం పాలిపోయింది. కళ్ళు చీటీల మీదకి దిగిపోయాయి. వెనక వరసలో ఎవరో దగ్గారు. కోటు పిన్ని అద్దంలో ఒకసారి కూతురి పాపిటని చూసింది, ఇంకోసారి తన నిటారు భుజాలని చూసుకుంది.

"ఆవిడ ఇక రాదులేమ్మా" అంది. "అన్నం చల్లారిపోతుంది, తినండి."

నిన్నటి ఖాళీ డబ్బా తీసుకుని బయటికొచ్చింది. చలిగాలి కొట్టింది. కోటు మంచిదే, గాలిని బాగానే ఆపింది. షెడ్డులో నూలు చొక్కాల మూట విప్పి ఉంటారు. వేళ్ళు ఎర్రబారేదాకా ఏరాలి. నడుస్తుంటే నోటికి తెలీకుండానే ఒక దరువు వచ్చింది, ఎండాకాలం పాట. ఆ రంగురంగుల జాకెట్లావిడ పాట అది. ఆసుపత్రి గేటు దాటాక తనే ఆపేసింది.