క్రాఫ్ట్ మాష్టారి ఓడ

మా పక్కన కొత్తగా లేస్తున్న డాబాకి గుమ్మాలు చేస్తున్నారు. పొద్దున్నే టేకు చెక్క చిత్రిక పడుతుంటే ఆ వాసన మా వంటింటి దాకా వస్తోంది. కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోతున్నాను. ఏమైందని మావారు అడిగితే ఏమీ లేదంటున్నాను. దేవదానం మాష్టారి గురించి చెప్పాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో నాకు తెలీదు. ఆయన చేసింది ఒప్పో తప్పో ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను. నేను చేసింది మాత్రం తప్పేనని తెలుసు.

తొంభైల మొదట్లో నర్సీపట్నంలో ఒక మిషన్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరాను. మొదటి ఉద్యోగం, నోరు కాస్త పెద్దది. దేవదానం గారు అక్కడ క్రాఫ్ట్ మాష్టారు, అంటే పిల్లలకి వడ్రంగం నేర్పేవారు. ఆయన గదిలో కిటికీ పక్కన ఒక ఓడ తయారవుతూ ఉండేది. మూడు మూరల పొడవు, జానెడు వెడల్పు. పాత దొరల బంగళా ఖాళీ చేసినప్పుడు చిత్తుకాగితాల్లో దొరికిన ఇంగ్లీషు పుస్తకం దానికి ఆధారం. నూరేళ్ల పైచిలుకు కిందట స్కాట్లాండులో కట్టిన ఒక తెరచాపల ఓడ కొలతలు, బొమ్మలు, అది బతికినంతకాలం చేసిన ప్రయాణాలు అందులో ఉన్నాయి. అట్టా, మొదటి పేజీలూ చిరిగిపోవడంతో ఆ ఓడ పేరేమిటో ఆయనకీ తెలీదు.

"ఇనప ఎముకలమ్మా, ఆటి మీద టేకు పలకలు. టేకు బర్మాదే. మనోళ్లు కూలికి ఎల్లే బర్మా," అని పలక మీద చెయ్యి వేసి మురిసిపోయేవారు. సముద్రం ఆయన ఎన్నిసార్లు చూశారని అడిగితే రెండుసార్లని చెప్పారు. రెండోసారి వాన పడి సరిగ్గా కనబడలేదట.

ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లలకి ఆ ఓడ కథ చెప్పమని నేనే పిలుచుకొచ్చాను. చైనాలో కొత్త తేయాకు కోయగానే పెట్టెలు బిగించి ఎత్తుకోవడం, లండన్‌కి ఎవరు ముందు చేరతారా అని ఓడలు పందెం వెయ్యడం, తడిసిన బట్టల్తోనే నావికులు నిద్రపోవడం, అన్నీ చేతులు తిప్పుతూ చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆపితే బాగుండునని నాకనిపించింది. ఆయన ఆపలేదు.

"అప్పుడేటయిందంటే, సూయజు కాలవ తవ్వీసేరు. పొగ ఓడలు ఆ అడ్డదారిని బేగి ఎల్లిపోనాయి. గాలోడకి ఆ దారి పనికిరాదు. తేయాకు పోయింది. ఆస్ట్రేలియా ఎల్లి గొర్రిబొచ్చు మోసింది. అదీ పోయింది. బొగ్గులు మోసింది. ఆకర్న తెరసాప కొయ్యలన్నీ కోసీసి, ఏదో రేవులో కట్టీసి, బొగ్గులు పోసుకునే తొట్టి చేసీసేరు."

పిల్లల మొహాలు వాడిపోయాయి. ముందు బెంచీలో అమ్మాయి, "పాపం కదండీ?" అంది.

"పాపం ఏటే? పనిసేస్తంది కదా," అన్నారాయన. ఆ జవాబు ఆ అమ్మాయికి నచ్చలేదు. నాకూ నచ్చలేదు.

కొత్త శతాబ్దం వచ్చే వేళకి ఓడ పూర్తయింది. మూడు కొయ్యలు, వాటికి అడ్డకర్రలు, వాళ్లావిడ మేరీరత్నం గారి పాత మల్లు చీర చింపి కుట్టిన తెరచాపలు. కిటికీలోంచి గాలి వీస్తే అవి నిజంగానే పొంగేవి. నేను ఖాళీ పీరియడ్లలో వెళ్లి ఊరికే చూస్తూ కూర్చునేదాన్ని. అప్పటికి మాష్టారి రిటైర్మెంటుకి ఏడాది మిగిలింది. ఆయన తర్వాత ఇంకో క్రాఫ్ట్ మాష్టారిని వెయ్యరని, ఆ గది కంప్యూటర్ రూము అవుతుందని తేలిపోయింది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి గుర్తుగా ఆ స్కూల్లో ఇంకేమీ మిగలదు. నేను హెడ్మాస్టరు గారి వెంటపడి, ఓడని స్టాఫ్ రూములో అద్దాల బీరువాలో పెట్టి, కింద మాష్టారి పేరు రాయించడానికి ఒప్పించాను. ఆ మాట చెప్పినప్పుడు మాష్టారు నవ్వారే గాని అవునూ కాదూ అనలేదు. నేను అవుననుకున్నాను.

నెల తిరక్కుండా ఒక సోమవారం వెళ్లేసరికి ఆయన సన్న రంపంతో వెనక కొయ్య అడ్డకర్రలు కోసేస్తున్నారు.

"మాష్టారూ! ఏం చేస్తున్నారు?"

"ఓడ నడిపే జనం సాలనప్పుడు ఈ తెరసాపలు తీసీసేరమ్మా. పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో తీసేస్తే మీరూ తీసెయ్యాలా? బీరువా చేయిస్తున్నారు కదా మీకోసం!"

"తేయాకు మోసింది నాలుగేళ్లే. ఆ నాలుగేళ్లే అద్దంలో ఎట్టి మిగతాదంతా దాసీమంటావేటి?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఇది వినయం కాదు, స్కూలు మీద కసి అన్నాను. నేను పడ్డ తిప్పలన్నీ బూడిదలో పోశారన్నాను. ఆయన రంపం పక్కన పెట్టి, "కసి కూడా ఉండొచ్చమ్మా, నాకు తెల్దు," అన్నారు. ఆ తర్వాత ఆయనతో నేను సరిగ్గా మాట్లాడలేదు. రిటైరయ్యే రోజుకి ఓడకి కొయ్యలు లేవు, పై పలకలూ లేవు. ఉత్త డొక్క మిగిలింది. దాన్ని రిక్షాలో ఇంటికి తీసుకుపోయారు. అద్దాల బీరువాలో ఆటల పోటీల కప్పులు పెట్టారు.

ఆ ఏడు చర్చిలో కోతల పండగకి మేరీరత్నం గారు నన్ను పిలిచారు. ఎవరి పెరట్లో, పొలంలో పండింది వాళ్లు తొలిఫలంగా తెచ్చి బల్ల మీద పెడతారు. ప్రార్థనయ్యాక అన్నీ వేలం వేస్తారు. ఒకసారి ఆ బల్ల మీద పెట్టింది దేవుడిది, వెనక్కి తీసుకోకూడదు. మేరీరత్నం గారు పెరట్లో కాసిన వంకాయలు తెచ్చారు. పొద్దున్న హడావిడిలో బుట్ట కనబడక, గోడవార ఖాళీగా ఉన్న ఓడ డొక్కలో వేసి తెచ్చేశారు. వేలం వేసే పెద్దాయన దాన్ని రెండు చేతులా ఎత్తి, "వంకాయలండి, తొట్టితో సహా!" అని కేక వేశాడు. జనం నవ్వారు. మేరీరత్నం గారు నోరు నొక్కుకున్నారు. మాష్టారు లేచి నిలబడ్డారు. ఏదో అనబోయి నోరు తెరిచి, మూసుకుని, నాకేసి చూశారు. ఆయన అడ్డుచెప్పకూడదు, నేను వేలం పాడొచ్చు. నా చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. మీరు కోసుకున్నదే కదా, అనుభవించండి అనుకున్నాను. గొలుగొండ నుంచి వచ్చిన సంతోషమ్మ అనే ఆవిడ పాడుకుని, నెత్తిన పెట్టుకు వెళ్లిపోయింది.

మూడేళ్లకి మాష్టారు పోయారు. సమాధి దగ్గర ఏడ్చి, మర్నాడే బస్సెక్కి గొలుగొండ వెళ్లాను. ఎలాగైనా ఆ ఓడని తెచ్చుకోవాలని. సంతోషమ్మ గారి వసారాలో ఓడ ఉంది. అందులో గడ్డి పరిచి, గడ్డి మీద కోడి పొదుగుతోంది.

"ఇప్పుడు కదిపితే గుడ్లు పాడైపోతాయండి," అంది ఆవిడ. తర్వాత, "మాష్టారు నెలకోపాలి వొచ్చేవోరండి. దాని పక్కన కూకుని, బాగా పనికొస్తందా అని అడిగేవోరు. వొస్తందంటే సంతోషపడేవోరు," అంది.

నా గుండె కుదుటపడింది. అయితే ఆయన అనుకున్నట్టే జరిగిందన్నమాట, నేను అనవసరంగా కుమిలిపోతున్నాను అనుకుని లేవబోయాను.

"ఓపాలి మాత్రం బాగా ఏడ్సేరండి," అంది సంతోషమ్మ. "ఏటయిందండీ అంటే సెప్పలేదు."

ఆ రోజు ఖాళీ చేతుల్తోనే బస్సెక్కాను. వేలం రోజున ఆయన నాకేసి చూసిన చూపుకి అర్థం పాడమనో వద్దనో నాకు ఈనాటికీ తెలీదు. అడక్కుండానే మూడేళ్లు గడిపేశాను. ఇప్పుడు ఎవరైనా నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసుకుంటే నేను ఊరుకోను. ఏమిటో చెప్పండని వెంటపడతాను. మీకెందుకండీ అని విసుక్కునేవాళ్లే ఎక్కువ. అయినా అడుగుతాను.