ఏడో నంబరు డబ్బ మొత్తుకున్న వారం

అది పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది. మాదాపూర్ల అప్పుడు ఇన్ని అద్దాల బిల్డింగులు లెవ్వు, బండలు పలగ్గొట్టే సప్పుడే ఎక్కువుండె. నేను హఫీజ్‌పేట్ నుంచి ఆటోల పోయి ఒక ఆఫీసుల హౌస్‌కీపింగ్ చేసేదాన్ని. పేరు పెద్దదే గానీ పని ఊడ్సుడు, తుడుసుడు, చాయ్ ఇచ్చుడు. నా పేరు బాలమణి. ఆఫీసుల అందరు మణెమ్మ అందురు.

ఆ ఆఫీసుల ఏం చేస్తరో ముందుగాల చెప్పాలె. అమెరికా డాక్టర్లు రోగుల సంగతి ఫోన్ల చెప్తే ఆ మాటలు ఇక్కడి కంప్యూటర్లకు వస్తయి. మన పిల్లలు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని ఇని టైపు కొడ్తరు. కాళ్ల కింద పెడల్ ఉంటది, కుట్టు మిషన్‌కు ఉన్నట్టు. తొక్కితే మాట నడుస్తది, కాలెత్తితే ఆగుతది. ఇనరాని మాట కాడ ఖాళీ వదలాలె, దాన్ని బ్లాంక్ అంటరు. ఒకటి రెండైతే నడుస్తది. ఎక్కువైతే ఫైలు వాపస్. వాపస్‌లు ఎక్కువైతే మనిషే వాపస్.

ఏడో నంబరు కంప్యూటర్ మీద సువార్త కూసునేది. గుడివాడ దిక్కు పిల్ల, కూకట్‌పల్లిల హాస్టల్ల ఉండె. ఊర్ల స్కూల్ టీచర్ పని ఇడిసిపెట్టి వచ్చింది, ఆ జాగల అప్పటికే ఇంకొకరు చేరిండ్రు. మూడు నెలల ట్రయల్ మీద తీసుకున్నరు. దసరా వారం శనివారంతోని ఆ మూడు నెలలు ఒడుస్తయి. ఉంచుతరా పంపుతరా అన్నది ఆ రోజే తేలుతది. ఆఫీసు మొత్తంల నన్ను 'మణెమ్మగారూ' అని పిలిచింది ఆ పిల్లొక్కతే.

దసరాకు ముందురోజు ఆఫీసుల ఆయుధ పూజ. ఫ్లోర్ ఇంచార్జి నరేందర్ సార్ ముందుగాలనే, "అన్ని మిషన్ల పేరు మీద ఒక్కదానికి చేస్తే సాలు, ఏడో నంబరు తలుపు కాడ ఉంది, దానికే చేద్దాం" అన్నడు. నాతోని, "నువ్వు తుడిచి పూలు తెచ్చిపెట్టు. బొట్లు రిసెప్షన్ మేడం పెడ్తది" అన్నడు. ఎందుకని నేను అడగలే. నా నొసలు చూస్తే ఎవరికైనా తెలుస్తది.

నా పెనిమిటి ఉన్నప్పుడు మాకు ఊర్ల పిండి గిర్ని ఉండె. ప్రతి దసరాకు గిర్ని చక్రానికి పసుపు దారం, పసుపు కొమ్ము నేనే కట్టేదాన్ని. ఆయన పోయిండు, గిర్ని పోయింది. ఆరేండ్ల సంది దేనికీ దారం కట్టలే. పూజ నాడు పొద్దుగాల నేను పోయేసరికి ఆఫీసుల ఎవ్వరు లేరు. పూల పొట్లంల పసుపు దారం ఉండె, చిన్న కొమ్ము ముక్క ఉండె. కట్టాలనిపించింది. కానీ ఏడ కట్టాలె? గిర్నికి చక్రం ఉంటది, కుట్టు మిషన్‌కు పిడి ఉంటది. కంప్యూటర్ డబ్బకు ముందంతా నున్నగనే. ఎనక జాలీ లెక్క బొక్కలుండె. అండ్లకెళ్లి దారం ఎక్కించి ముడేసిన. పూల కింద ఎవ్వరికి కనబడలే.

సాయంత్రం పూలు తీసేటప్పుడు దారం గుంజితే సగం చేతికొచ్చింది, సగం ముడితోని, కొమ్ము ముక్కతోని బొక్కలకెళ్లి లోపటికి జారి తెగింది. తెగితే తెగింది తియ్యి అనుకున్న.

పండుగ తెల్లారి, బుధవారం, సువార్త మిషన్ ఆన్ చేసింది. గుర్ర్‌ర్ మని సప్పుడు, బల్ల సుత దడదడ. పక్క సీటు పిల్లగాండ్లు ఒకటే నవ్వుడు.

"ప్రసాదం తినలే గద సువార్తా, అమ్మవారు అలిగింది!"

"పులిహోర రెండుసార్లు తిన్నానండీ. కావాలంటే మణెమ్మగారిని అడగండి, ఆవిడే వడ్డించారు."

నేను నవ్వలే. సప్పుడు ఇన్నప్పుడే నాకు లోపట తెగిన దారం యాదికొచ్చింది.

మిషన్లు బాగుచేసే గౌస్ భాయ్ వచ్చి చెవి పెట్టి ఇన్నడు. "ఫికర్ ఏం లేదు, ఫ్యాన్ సౌండ్. అన్నీ చేస్తయ్, ఇది జర ఎక్కువ." హెడ్‌ఫోన్ మార్చిండు, బల్ల కాలి కింద అట్టముక్క పెట్టిండు, పోయిండు.

గురువారం డస్టింగ్ చేస్తుంటే తుడిసే బట్టలకెళ్లి నా చెయ్యి జుమ్మంది. బల్ల మీద చాయ్ గ్లాస్ పెట్టిన. చాయ్ మీద సన్నగ ముడుతలు లేస్తున్నయి. గిర్ని కాడ మేం చెంబు నీళ్లు పెట్టి గిట్లనే చూసేది. "మిషన్ రోగం చెవికంటే ముందు చెయ్యికి తెలుస్తది" అని మా ఆయన అంటుండె. తిరిగే చక్రానికి ఒకదిక్కు బరువు ఎక్కువైతే మొత్తం మిషన్ వణుకుతది. ఆ వణుకు కింద ఉన్న చెక్కకు ఎక్కుతది. డబ్బ పెట్టింది పల్చటి ప్లైవుడ్ పలక మీద, ఇగ అది డప్పు లెక్క మోగుతున్నది.

గిర్ని కాళ్ల కింద మేం టైర్ ముక్కలు పెట్టేది. నేను నా పాత హవాయి చెప్పు నాలుగు ముక్కలు కోసి తెచ్చి డబ్బ నాలుగు మూలల కింద పెట్టిన. బల్ల వణుకుడు బందైంది, చాయ్ మీద ముడుతలు పోయినయి. అందరు శభాష్ అన్నరు. ఇగ చెప్పే పని తప్పింది అనుకున్న. ఆ మాట చెప్పనీకి ఇప్పటికీ సిగ్గే. ఆ రబ్బరు ముక్కలు బల్ల కోసం ఎంత పెట్టిన్నో, నా తప్పు దాసుకునుడు కోసం అంతే పెట్టిన.

డబ్బ లోపటి గుర్రు మాత్రం పోలే.

శుక్రవారం చాయ్ ఇయ్యబోతే సువార్త కండ్లు ఎర్రగున్నయి. ఒకే మాట మళ్ల మళ్ల తొక్కి ఇంటున్నది.

"ఏమైంది బిడ్డా?"

"ఫిఫ్టీనో ఫిఫ్టీయో తెలియట్లేదండీ. ఈ చప్పుడులో చివరి అక్షరం మింగుకుపోతోంది."

పక్క పిల్లగాడు అన్నడు, "ఏదో ఒకటి కొట్టు, ఎవరు చూస్తరు? బ్లాంక్ వదిలితే రేపు నీకే కష్టం."

"మందు డోసండి అది. పదిహేనుకీ యాభైకీ తేడా లేదా? ఊహించి రాయలేను." అని ఖాళీ వదిలేసింది. వదిలితే కొలువు పోతదని తెలిసే వదిలింది.

నేను చాయ్ పళ్లెం అక్కడ్నే పెట్టి నరేందర్ సార్ కాడికి పోయిన.

"సార్, ఏడో నంబరు డబ్బ ఇప్పియ్యండ్రి."

"దానికి వారంటీ సీల్ ఉంది మణెమ్మా, ఊరికెనే ఇప్పొద్దు. తుడిచేదానివి, నీకెందుకు ఆ పరేషాన్?"

"అండ్ల నా దారం ఉంది సార్."

"ఏం దారం?"

"పసుపు దారం. పూజ నాడు పొద్దుగాల నేను కట్టిన."

సార్ నా నొసలు దిక్కు చూసి మొఖం తిప్పుకున్నడు. "నిన్ను ఎవరు కట్టమన్నరు?"

"ఎవ్వరన్లే సార్. నన్ను ఏమన్న అనుండ్రి, ముందు అది ఇప్పియ్యండ్రి. రేపే శనివారం."

సార్ గౌస్ భాయ్‌కి ఫోన్ చేసిండు.

గౌస్ భాయ్ స్క్రూలు తీసి, లోపటికి తొంగి చూసి, నెత్తి కొట్టుకున్నడు. "యా అల్లా! అమ్మా, పంఖాకు తాయెత్తు కట్టినవా?"

దారం ఫ్యాన్ నడుమకు కదురుకు చుట్టినట్టు చుట్టుకున్నది. ముడి, కొమ్ము ముక్క ఒక్కదిక్కే ఉన్నయి. ఆ గోరంత బరువే అంత గత్తర చేసింది. ఆయన పట్టకారు లోపటికి పోలే, నా కొప్పులకెళ్లి పిన్ను తీసి ఇస్తే దాంతోని గుంజిండు. మళ్ల ఆన్ చేస్తే, సప్పుడు లేక సువార్త మిషన్ నడుస్తుందో లేదో అని స్క్రీన్ దిక్కు చూసింది. హెడ్‌ఫోన్ పెట్టుకొని పెడల్ తొక్కింది.

"ఫిఫ్టీన్," అన్నది. "పదిహేనేనండీ."

ఆ దినమే వాపస్ వచ్చిన ఫైళ్లన్ని మళ్ల ఇని ఖాళీలు నింపింది. శనివారం ఆమెను ఉంచుకున్నరు. నన్ను రెండు నెలలు కింది అంతస్తు బాత్రూములకు ఏసిండ్రు. సువార్త మాత్రం ఒక్కమాట అడిగింది: "మూడు రోజులు నా పక్కనే తిరిగారు కదండీ, ముందే ఎందుకు చెప్పలేదు?" పూజ ముట్టుకున్నవని కొలువులకెళ్లి తీసేస్తరని భయం అయింది అన్న. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకున్నది గానీ పర్వాలేదు అనలే. అనకపోవుడే మంచిదైంది.

తర్వాతి దసరాకు గౌస్ భాయ్ తన స్క్రూడ్రైవర్ తెచ్చి, "అమ్మా, దీనికి కట్టు, దీనికి ఫ్యాన్ లేదు" అన్నడు. అందరి ముంగట్నే కట్టిన. అప్పటి సంది ఏ మిషన్ మొత్తుకున్నా, సీల్ తీసే ముందు నన్ను పిలిచి చెయ్యి పెట్టి చూడమంటుండె.

ఆ వారం నేను నేర్సుకున్నది ఇదే. మిషన్ సప్పుడు చేస్తే దాని తప్పు కాదు, ఎవరో చేసిన పనే అట్ల మొత్తుకుంటది. కింద రబ్బరు పెడితే బల్ల ఊకుంటది, లోపట దారం ఊకోదు.

నాకు రాయరాదు. నేను చెప్తుంటే ఇది టైపు కొట్టింది సువార్తనే. దారం తెగిన కాడికి వచ్చినప్పుడు నా గొంతు గీరుకపోయింది. "అక్కడ సరిగ్గా వినపడలేదండీ, బ్లాంక్ వదిలెయ్యనా?" అన్నది.

వద్దు బిడ్డా అన్న. మళ్ల చెప్త, రాయి.