హమ్మాదీ వంతు మందు

మా అబ్దా మైదానంలో తుపాకిమందు యుద్ధానికి కాదు, మా ఊరి పుణ్యపురుషుడైన వలీ జాతరకు. పదిహేను గుర్రాలు ఒకే వరుసలో దూసుకువచ్చి నిలవాలి, పదిహేను తుపాకులు ఒకే శబ్దంగా పేలాలి. ఒక్క తుపాకి రెప్పపాటు వెనుకబడినా ఆ దళానికి ఏడాది పొడుగునా తలవంపులే. ఆ ఒక్క శబ్దానికి నలభై ఏళ్లు కావలి కాసినవాడు బూషాయిబ్.

అతని మందుగది ఇంటికి దూరంగా, పొలం అంచున ఉండేది. దళసరి మట్టిగోడలు, నిప్పురవ్వ భయంతో తలుపుకు ఇనుప మేకు ఒక్కటైనా కొట్టలేదు. దీపంతో గాని చెప్పులతో గాని ఎవరూ లోపలికి పోరాదు. పెట్టెలన్నీ చెక్కవి, ప్రతి మూతమీదా మందు వచ్చిన తేదీ. పాతది ముందు వాడాలి. పాతదీ కొత్తదీ కలపరాదు.

"మందుకు ముసలితనం లేదు, ఫఖీహ్ గారూ. మూత తీయనంతకాలం మనకంటే ఎక్కువే బతుకుద్ది. దాన్ని చంపేది సముద్రపు గాలి" అని, మసీదులో పిల్లలకు దైవవాక్యాలు వల్లె వేయించే నాకు అతడే పాఠం చెప్పేవాడు.

"మనుషులకన్నా నీకు ఆ మందే ముద్దు, ముసలాడా" అని భార్య హనియా దెప్పేది.

"మనుషులు తడుస్తారే. మందును నేను తడవనివ్వను."

ఏడేళ్ల క్రితం జాతరలో, రెండో పరుగున, వారి ఒక్కగానొక్క కొడుకు హమ్మాదీ గుర్రం మోకాళ్లమీద కూలింది; కిందపడ్డ అతడు మళ్లీ లేవలేదు. మూడో పరుగుకు అతని కోసం కొలిచి ఉంచిన మందు అలాగే మిగిలిపోయింది. బూషాయిబ్ దాన్ని చిన్న అరార్ చెక్కపెట్టెలో పోసి, తేనెమైనంతో మూత బిగించి, మందుగది గూటిలో పెట్టాడు. ఆనాటినుంచి కొడుకు పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు. హనియా కంట నీరు ఎవరూ చూడలేదు. "దానిది రాతిగుండె. కన్నతల్లి అయ్యుండీ ఒక్క చుక్క రాల్చలేదు" అని అతడు నాతో ఎన్నోసార్లు అన్నాడు. ఒకసారి ఆమె ఎదుటే అన్నాడు. ఆమె రొట్టెపిండి పిసుకుతూ తల ఎత్తలేదు. కిందటి చలికాలం ఆమె దైవసన్నిధికి చేరింది. అప్పటికీ అతని మనసులో ఆ మాట కరగలేదు.

ఈ ఏడాది హమ్మాదీ కూతురు సుకైనా తండ్రి స్థానంలో గుర్రమెక్కింది. జాతర ఉదయం తాతను అడిగింది:

"మూడో పరుగుకు నాన్న మందు నాకివ్వు తాతా."

"పరీక్షించని మందు తుపాకిలోకి పోదు. నువ్వైనా, సుల్తానైనా."

"చిటికెడు కాల్చి చూడు మరి. మిగతాది నాది."

అతడు మందుగదికి నడిచాడు. ఆ పెట్టెను ఒక్కసారైనా తెరవకుండా ఏడేళ్లు గడిపినవాడు. గూటిలోనుంచి దాన్ని ఎండలోకి తెచ్చి, రాగికత్తితో మైనం గీకసాగాడు. నేనూ అక్కడే ఉన్నాను. పైన ఉన్నది తెల్లని కొవ్వొత్తి మైనం. దాని కింద మరో పొర, ఇంకా కింద మరొకటి. అన్నిటికన్నా అడుగున అతడు పెట్టిన పసుపుపచ్చని తేనెమైనం, తెగి ఉంది.

"ఎవరో తీశారు. ఒకసారి కాదు" అన్నాడు.

మూత వచ్చింది. మందు గడ్డలు కట్టి, పైన సురేకారం తెల్లగా పూసింది. ఆ గడ్డల నడుమ గోరింటతో ఎరుపెక్కిన పొడవాటి నెరిసిన వెంట్రుక ఒకటి.

అతడు సంతలకు పోయినప్పుడల్లా గది తాళం హనియా నడుముకే ఉండేది.

దూరంగా నడిచి, తెల్లకాగితంమీద చిటికెడు వేసి నిప్పు చూపాడు. మంచి మందు కాగితాన్ని కందనివ్వకుండా మాయమవుతుంది. ఇది చిటపటలాడి, నల్లని మచ్చలు మిగిల్చి, కాగితాన్ని కాల్చింది.

"ఎండబెడితే బాగుపడదా తాతా?"

"తడిసిన మందు ఆరితే పొడి అవుద్దమ్మా. మందు కాదు." కాలిన కాగితాన్ని మడుస్తూ, "మూతకింత మైనం పోయాలని దానికి తెలుసు. గాలి సంగతీ తెలుసు. నలభై ఏళ్లు నా నోట విన్నదే. అయినా తెరిచింది" అన్నాడు.

సుకైనాకు కొత్త మందు కొలిచి ఇచ్చాడు. కొలిచినదాన్ని మళ్లీ కొలిచాడు.

చచ్చిన మందును నీళ్లలో ముంచి మట్టికి అప్పగించాలన్నది అతని నియమమే. కుండనిండా నీళ్లలో ఆ మందు కలిపి, చంకన పెట్టుకుని, జాతరకు వీపు తిప్పి శ్మశానానికి నడిచాడు. నేను వెంట వెళ్లాను. హనియా సమాధి పాదాల చెంత ఆ నల్లని నీళ్లను నెమ్మదిగా, ఆమె చేతులు కడుగుతున్నట్టుగా, ఒంపాడు.

"నా ముందు ఏడవొచ్చని నీకెప్పుడూ అనిపించలేదు కదే" అన్నాడు.

అప్పుడే మైదానంనుంచి మూడో పరుగు వినవచ్చింది. పదిహేను తుపాకులు, ఒకే శబ్దం. నలభై ఏళ్లుగా ఆ క్షణాన ఊపిరి బిగబట్టే మనిషి మట్టిలోకి ఇంకుతున్న తడినే చూస్తున్నాడు.

సాయంత్రం సుకైనా గుర్రం దిగి పరుగున వచ్చింది. "ఎలా పేలింది తాతా?"

"నేను వినలేదు తల్లీ."