నాలుక మీద మచ్చ

నా చిన్నప్పుడు మా అవ్వ ఏ పెళ్ళికి వెళ్ళినా నన్నే వెంటబెట్టుకుని వెళ్ళేది. ముద్దుకొద్దీ అనుకునేదాన్ని. నాన్నకు అమ్మ ఆవిడ. తమిళనాడులోని రాజపాళయంలో మా తెలుగువాళ్ళింట పెళ్ళంటే ఊళ్ళో సగం మంది చుట్టాలే. ఆ సగం మందినీ వావి వరస తప్పకుండా పిలవాలి. అత్తను పొరపాటున పిన్ని అన్నామంటే ఆ ఇంటివాళ్ళు దాన్ని మనవల కాలం దాకా చెప్పుకుంటారు. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పడంలో మా అవ్వను మించినవాళ్ళు లేరని పేరు. సంబంధం మాట్లాడుకునే ముందు వరస కలుస్తుందో లేదో అడగడానికి సత్రపట్టి నుంచీ, చోళపురం నుంచీ కూడా మనుషులు వచ్చేవారు.

ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఆవిడ నాకొక ఆట నేర్పింది. కల్యాణ మండపంలో గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుని, నా చెయ్యి తన చేతిలో పెట్టుకునేది. ఎవరైనా దగ్గరికి వస్తుంటే నా వేలు నొక్కేది. నేను ఆవిడ చెవి దగ్గర జుట్టు సవరిస్తున్నట్టు వంగి, వచ్చేది ఎవరో గొణగాలి. "సేత్తూరు అత్త, ఆమె కోడలు" అంటే చాలు, అవ్వ చేతులు చాచి, "రామ్మా సేత్తూరు దానా, కోడలికి తిండి పెట్టేదే లేదా, ఇట్ల చిక్కిపోయినాది" అని అందుకునేది. వాళ్ళు మురిసిపోయేవారు. నేను చెప్పడం ఆలస్యమైతే తొడ మీద గిల్లేది. ఆ గిల్లుడు కూడా ఆటలో భాగమే అనుకున్నాను.

అది ఆట కాదని ఒక మధ్యాహ్నం మా ఇంట్లోనే తెలిసింది. మా నాన్న మిల్లు నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. పక్కనే ఉన్న అవ్వ నా వేలు నొక్కింది. నాకు నవ్వొచ్చి "నాన్న" అన్నాను. ఆవిడ ఇంకా గట్టిగా నొక్కింది. అప్పుడు ఆవిడ ముఖం చూశాను. నవ్వు ఆగిపోయింది. "నీ కొడుకు, చిన్నోడు" అని చెవిలో చెప్పాను. వెంటనే అవ్వ గొంతు సవరించుకుని, "ఏం రా చిన్నోడా, మజ్జిగ పోసుకో" అంది. ఆ సాయంత్రం నన్ను వసారాలో పట్టుకుని, ఎవరి దగ్గరైనా నోరు తెరిస్తే చర్మం వలుస్తానంది. తెరవలేదు. ఆవిడంటే నాకు భయం, దానికి మించి ప్రేమ.

ఆ ఏడాదే అవ్వకు బొడ్డు దగ్గర పేగు జారి ముద్దలాగా పైకి పొడుచుకొచ్చింది. కాన్పుల మీద కాన్పులు మోసిన కడుపు. మదురైలో ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. మా పెదనాన్న, పెద్దమ్మ, అవ్వ. నేను లేకుండా అవ్వ కారెక్కనంది కాబట్టి నేనూ.

డాక్టరు నెమ్మదైన మనిషి. ఇంట్లో తెలుగు మాట్లాడుకునేవాడట, మాతోనూ తెలుగులోనే మాట్లాడాడు. దీనికి రెండు దారులున్నాయి అన్నాడు. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టుకుని జాగ్రత్తగా ఉంటే కొన్నేళ్ళు నెట్టుకురావచ్చు. లేదా కోసి కుట్టాలి, దానికి పూర్తిగా మత్తు ఇవ్వాలి. వయసు మీరినవాళ్ళలో కొందరికి మత్తు దిగినా మతి మునుపటిలా తిరిగి రాదు, ముందునుంచే మరపు ఉన్నవాళ్ళకు ఆ ప్రమాదం ఎక్కువ అని చెప్పాడు. "అందుకని అడుగుతున్నాను, దాచకండి. ఈమెకు మరపు ఉందా? ఉంటే బెల్టుతోనే సరిపెడదాం."

ఎంత మంచిగా అడిగాడో మనిషి. మా వాళ్ళకు వినిపించింది మాత్రం వేరు. మీ ఇంట్లో పిచ్చి ఉందా అని అడిగినట్టు మా పెద్దమ్మ ముఖం ఎర్రబడింది. ఆవిడ కూతురికి అప్పుడే ఒక సంబంధం కుదరబోతోంది. గది బయట బెంచీ మీద మా ఊరివాళ్ళు కూర్చుని ఉన్నారు, తలుపు తెరిచే ఉంది. మా పెదనాన్న పెద్దగా నవ్వి, ఊరంతా వరసలు అడగడానికి ఈమె దగ్గరికే వస్తుందని బయటికి వినపడేలా చెప్పాడు.

డాక్టరు అవ్వనే అడిగాడు. పెదనాన్నను చూపించి, ఈయనెవరు అన్నాడు.

"ఇంతసేపూ ఆయప్పతోనే మాట్లాడి, ఎవురని నన్నడిగితే ఎట్లయ్యా?" అంది అవ్వ.

ఇది ఏ నెల అన్నాడు.

"నెలలు లెక్కబెట్టే వయసు నాదా, నీ పెండ్లాందా?"

గదిలో అందరూ పగలబడి నవ్వారు. నర్సు నవ్వింది. డాక్టరూ నవ్వాడు. బల్ల కింద మాత్రం అవ్వ గోరు నా వేలిలోకి దిగుతోంది. పెదనాన్న ఎవరో ఆవిడకు తెలియలేదు. ఆ క్షణంలో నాకు ఏదీ గుర్తు రాలేదు, చర్మం వలుస్తానన్న మాట కూడా. మా అవ్వ ఇకమీదట నా వేలిని వెతుక్కోదేమో అన్న ఒక్క భయమే.

"అవ్వకి ఎవురూ తెలీదు. నేను చెప్తేనే చెప్తాది. కోసినారంటే నన్నుగూడా మరిచిపోతాది" అన్నాను.

పెదనాన్న చెయ్యి నా ఎడమ చెంప మీద పడింది. అది నొప్పి కాదు. నొప్పి తర్వాత వచ్చింది. అవ్వ నా చేతిలోంచి తన చెయ్యి లాక్కుని, చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది.

"దానికి అబద్దాలు చెప్పేదే పని డాక్టరూ. సుమ్మా, ఊరికే నా పక్కన కూకోని, పెద్దోళ్ళ మాటలన్నీ నేర్చినాది. అబద్దాలకోరు ముండ."

డాక్టరు నా వైపు చాలాసేపు చూశాడు. పెదనాన్నను మళ్ళీ అడిగాడు. పెదనాన్న మళ్ళీ అదే చెప్పాడు. ఆయన నన్నే నమ్మాడని ఇప్పటికీ నా అనుమానం. నమ్మి ఏం ప్రయోజనం? తొమ్మిదేళ్ళ పిల్ల మాట పట్టుకుని, మిల్లులో వాటా ఉన్న పెద్దమనిషిని కాదనే డాక్టరు ఆ రోజుల్లో లేడు. బెల్టు కట్టుకుని మండపంలో కూర్చోవడం నామర్దా అని అవ్వ కూడా ఆపరేషనుకే పట్టుబట్టింది.

ఆపరేషను బాగా జరిగింది. అవ్వ ఇంకా మత్తులో ఉంటే, కడుపుకు చుట్టిన కట్టుగుడ్డ మా సత్రపట్టి నేతేనని మా పెదనాన్న నర్సుకు గొప్పగా చెబుతున్నాడు. కుట్లు చక్కగా మానాయి. ఆ మర్నాడు కళ్ళు తెరిచిన అవ్వ మాత్రం మాతో ఆసుపత్రికి వచ్చిన అవ్వ కాదు. మొదట్లో నీరసం అన్నారు, తర్వాత మందుల వేడి అన్నారు. అన్నం కొంగులో మూటగట్టుకునేది. ఎప్పుడో పోయిన అత్తగారు తిడుతుందని తలుపు వెనక నిలబడేది. పెదనాన్నను చూసి, "ఎవురయ్యా నువ్వు, మిల్లు మనిసివా?" అని అడిగితే, అంత మనిషీ పెరట్లోకి వెళ్ళి ఏడ్చాడు.

మా వాళ్ళు ఏడ్చి ఊరుకోలేదు. ఇలా జరగడానికి ఒక కారణం కావాలి కదా. మా పెద్దమ్మ నన్ను ఎండలోకి లాక్కెళ్ళి నోరు తెరిపించింది. నాలుక చాపమంది. నాలుక మీద మచ్చ ఉన్నవాళ్ళు అన్నది జరిగి తీరుతుందని మా వాళ్ళ నమ్మకం. కొంగుతో నాలుక పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మచ్చ లేదు. "లోపల యాడనో ఉంటాది" అని తేల్చింది. డాక్టరు కూడా అదే మాట అన్నాడు, ఆయన నాలుక చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. అప్పటినుంచి పెళ్ళిచూపులప్పుడు నన్ను వంటింట్లో కూర్చోబెట్టేవారు. ఎవరైనా ఆసుపత్రికి బయలుదేరితే నేను ఎదురు రాకూడదు. మా అమ్మ కూడా భయపడి, ఏమీ అనకు తల్లీ అని బతిమాలేది. మా నాన్న ఒక్కడే ఆ మచ్చ కథ నమ్మలేదు. నమ్మలేదని ఎవరితోనూ అననూ లేదు.

నేనన్నది ఒక్క విషయంలో తప్పింది. కొడుకుల్ని, కోడళ్ళని, ఊరి వరసలన్నింటినీ మరిచిన అవ్వ నన్ను మరవలేదు. నేను కనబడగానే కళ్ళు మెరిసేవి. "వచ్చినాదిరా అబద్దాలకోరు ముండ!" అని కేకపెట్టేది. మతి పోయినా ఇంత నిజం మాత్రం నిలిచిందని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. నేను రోజూ బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ కూడా దించకుండా వెళ్ళి ఆవిడ ముందు నిలబడేదాన్ని. తిట్టించుకునేదాన్ని. ఈ ఇంట్లో ఇంకా ఆవిడ గుర్తుపట్టే మనిషిని నేనొక్కదాన్నేనని లోపల గర్వంగా ఉండేది, ఆ వెంటనే ఏడుపు వచ్చేది. మూడో వేసవిలో ఒకనాడు వెళ్ళి నిలబడితే, అవ్వ నన్ను తేరిపార చూసి, "ఎవురు పాపా నువ్వు? మీ అమ్మ యాడుండాది?" అని మర్యాదగా అడిగింది. అంత మెత్తగా ఆవిడ నాతో ఎన్నడూ మాట్లాడలేదు. ఆ మెత్తదనానికి నేను ఏడ్చినంతగా ఆవిడ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఆవిడ మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు. పరువు కోసం తన మతిని ఒడ్డింది, నన్నూ ఒడ్డింది. ఆవిడ పడిన భయం మాత్రం ఈ వయసులో నాకు బాగా తెలిసివస్తోంది. ఈ మధ్య నా మోకాలి ఆపరేషను కోసం వెళ్ళినప్పుడు, మత్తుమందు ఇచ్చే డాక్టరమ్మ అచ్చం ఆ ప్రశ్నే అడిగింది. మా అమ్మకు ఏ మరపూ లేదని నా కొడుకు చటుక్కున అందుకున్నాడు. ఉంది అన్నాను. స్టవ్ మీద పాలు మరిచిపోతున్నానని, మొన్న మా వీధిలోనే మలుపు తప్పానని చెప్పాను. కోడలు తల దించుకుంది. కొడుకు దారంతా నాతో మాట్లాడలేదు. నన్ను కొట్టేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా ఇలాంటి నిజం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ముందు నా ఎడమ చెంప బిగుసుకుంటుంది, ఆ తర్వాతే మాట బయటికి వస్తుంది.