బొటనవేలికి తెలియని పదును

మా చర్చిలో ఈస్టర్ ప్రేమవిందుకి పనసపొట్టు కొట్టే పని నాదే. నేను వంటవాణ్ణి కాను. పలాసలో చిన్న జీడిపప్పు కొట్టు నడుపుకుంటాను. కానీ వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊళ్లో ఏ పెరట్లో చూసినా పనసచెట్టు ఉంటుంది. లేత కాయను సన్నగా పొట్టు కొట్టడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. దానికి కత్తి మంచి పదును మీద ఉండాలి. మొద్దు కత్తితో కొడితే కాయ నలిగి ముద్దయిపోతుంది.

పదును చూడటంలో ఎవరి పద్ధతి వారిది. కొందరు పాత పేపరును గాల్లో పట్టుకుని కోసి చూస్తారు. కొందరు టమాటా మీద కత్తిని ఊరికే ఆనించి లాగుతారు, నొక్కకుండా తొక్క తెగితే పదునున్నట్టే. గోరు మీద ఏటవాలుగా పెట్టి చూసేవాళ్లూ ఉన్నారు. పదునుంటే కత్తి అక్కడే ఆగుతుంది, లేకపోతే జారిపోతుంది. నాకు ఇవేవీ నచ్చేవి కావు. బొటనవేలి కొసను అంచుకు అడ్డంగా, తేలిగ్గా రాసేవాణ్ణి. పదునైన అంచు చర్మం మీది గీతలను గరుగ్గా పట్టుకుంటుంది. నాకు అది చాలు. విందు రోజు ఆడవాళ్లు తమ కత్తిపీటలు కూడా తెచ్చి నా ముందు పెట్టేవాళ్లు. నేను వేలు ఆనించి తలూపితేనే తీసుకెళ్లేవాళ్లు. అది నాకు గొప్పగా ఉండేది.

పోయిన ఈస్టర్ నాడు చర్చి వెనక పందిరి కింద కూర్చుని కత్తి నూరాను. ఎడమ బొటనవేలితో చూస్తే నున్నగా తగిలింది. మళ్లీ నూరి చూశాను. అదే నునుపు. ఇంకాస్త నొక్కి చూసినా గరుకు తెలియలేదు. రాయి అరిగిపోయిందని విసుక్కుని, జిగురు అంటకుండా చేతులకూ కత్తికీ నూనె రాసుకుని పని మొదలుపెట్టాను. ఆశ్చర్యంగా కత్తి బాగానే తెగుతోంది. కాయ చెక్కను ఎడమచేత్తో పట్టుకుని, పక్కవాళ్లతో మాట్లాడుతూ కొడుతున్నాను. బేసిన్ సగానికి పైగా నిండింది.

నా ఎదురుగా మా అన్నయ్య భార్య, వదిన, ఉల్లిపాయలు తరుగుతోంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"మరిదీ, నీ ఏలు సూసుకో," అంది మెల్లగా.

చెక్క పక్కకి పెట్టి చూసుకున్నాను. బొటనవేలు లోతుగా తెగి ఉంది. రక్తం నూనెలో కలిసి మణికట్టు దాకా కారింది. తెల్లటి పొట్టు నిండా ఎర్రటి చారలు.

"నొప్పెట్టనేదేటి?"

"నేదు," అన్నాను. ఆ మాట నాకే వింతగా వినిపించింది.

వదిన గొంతు తగ్గించే అన్నా పందిరి కిందున్న అందరూ విన్నారు. బేసిన్‌లోని పొట్టంతా కొబ్బరిచెట్ల మొదట్లో పారబోశారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం పనసపొట్టు ఎక్కడని అడిగాడు. ఆయన భార్య మోచేత్తో పొడిస్తే ఊరుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సగం అన్నం వదిలేసి లేచిపోయాను.

టెక్కలిలో డాక్టరు దగ్గరికి నా భార్య వెంట వచ్చింది. ఆయన నన్ను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ దారంలాంటిది తగిలిస్తాను, తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. చివరికి, మొదలుపెట్టండి సార్ అన్నాను. కళ్లు తెరిస్తే నా భార్య తల దించుకుని ఉంది. ఆయన అప్పటికే వేళ్లన్నిటికీ, అరికాళ్లకీ తగిలించేశాడట. చాన్నాళ్లుగా ఉన్న షుగరు వల్ల నరాలు మొద్దుబారాయనీ, వేళ్లతో వేడినీ పదునునీ నమ్మొద్దనీ చెప్పాడు. నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలియడం లేదు కదా అని అడిగాడు. అవును. ఈ మధ్య రోడ్డు మీద అలాగే జరిగితే నవ్వేసి ఊరుకున్నాను.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు ప్రార్థన విన్నపాల్లో నా వేళ్ల గురించి కూడా చెప్పారు. ఆయన మనసు మంచిదే. కానీ అందరి ముందూ నా చేతుల కోసం దేవుణ్ణి అడుగుతుంటే వాటిని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు. ఆ తరవాత ఒక పెళ్లికి పొట్టు కొట్టమని పిలిస్తే కొట్లో పని ఉందని తప్పించుకున్నాను. ఆదివారాలు కూడా ఆలస్యంగా వెళ్లి వెనక బెంచీలో కూర్చుని, ముగింపు పాటలోనే లేచి వచ్చేసేవాణ్ణి.

ఈ ఏడు పనసకాయలు దిగాక వదిన ఒక లేతకాయా, తన కత్తీ పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"ఏలికి తెలీకపోతే కళ్లు నేవేటి? నూరు, నాను సూత్తాను," అంది.

నాకు కోపం వచ్చింది. అయినా ఆమె ముందు రాయి తీశాను. నూరిన అంచును కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టుకున్నాను. మొద్దుగా ఉన్నచోట అంచు మీద సన్నటి మెరుపు గీత కనిపిస్తుంది, పదునెక్కిన చోట ఏమీ కనిపించదు. మెరుపు పూర్తిగా పోయేదాకా నూరాను. పేపరు కోశాను. చిరిగిన చప్పుడు కాదు, సుయ్‌మని తెగిన చప్పుడు. టమాటా మీద ఆనించి లాగాను. తొక్క దానంతటదే విచ్చుకుంది. అప్పుడు వదిన తన బొటనవేలు అంచుకు అడ్డంగా రాసి, బాగుంది అంది. ఆమెకు తెలిసింది నాకు తెలియలేదే అని లోపల కుంగిపోయాను.

ఈ ఈస్టర్‌కి మళ్లీ పందిరి కింద కూర్చున్నాను. కాయను చేత్తో పట్టుకోకుండా పీట మీద ఉంచి, ఎడమచేతికి మందమైన గుడ్డ చుట్టుకుని కొట్టాను. అందరూ చూస్తుండగా టమాటా కోసి పదును చూడాల్సి వచ్చినప్పుడు చెవులు వేడెక్కాయి. కత్తిపీట తెచ్చిన ఒకామె నా చేతి గుడ్డ చూసి, దాన్ని అలాగే వెనక్కి తీసుకెళ్లిపోయింది. వదిన పని మధ్యలో వచ్చి గుడ్డ విప్పించి, ఎడమ చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి వెళ్లేది. గోళ్లు చూపించమంటే చూపించే బడిపిల్లాడిలా చెయ్యి చాపేవాణ్ణి.

వడ్డన మొదలయ్యాక నేను పొయ్యిల దగ్గరే నిలబడ్డాను. బంతిలో ఒకామె ముద్ద కలిపేముందు కూరను వేళ్లతో కాస్త కదిపి చూసుకుంది. ఆమె తప్పేమీ లేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ చూసేవాణ్ణి. కాసేపటికి వదిన ఒక ఆకులో అన్నం, కూర పెట్టి తెచ్చి నా చేతికిచ్చింది. తల ఎత్తకుండా తిన్నాను. పొట్టు బాగా సన్నగా వచ్చింది.